ఇద్దరవ్వలూ వేయించని సూది

మా ధర్మవరం బడి వెనక వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు తట్టు పోసింది. వెంటనే ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి, ఒకటో తరగతిలో ఎంతమందికి తట్టు టీకా పడిందో బడి కాగితాలు చూసి చెప్పమంది. ఆ తరగతి నాదే. పిల్లల్ని చేర్పించినప్పటి కాగితాలు తిరగేస్తే అందరికీ 'అన్ని టీకాలూ వేయించాము' అనే ఉంది. నూటికి నూరు అని గొప్పగా చెప్పాను.

"అవి నోటిమాట మీద రాసుకున్నవి మేడమ్. కార్డులు తెప్పిస్తే సరిచూసుకుంటా" అంది నర్సు.

కార్డులు తెమ్మని కబురు పెడితే మర్నాడు తల్లులు వచ్చారు. కార్డు తేనివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్నబిడ్డకు ఏ సూది పడిందో కూడా తెలియకపోతే ఎట్లమ్మా?" అని మగ్గం మీంచి లేచి వచ్చిన ఒకామెను అందరి ముందే నిలదీశాను. పాపం, ఆమె తల వంచుకుని నిలబడింది. మా పాపదీ అదే తరగతి కాబట్టి, దాని కార్డు రేపు తెస్తానని నర్సుతో అన్నాను.

నా పుట్టిల్లు హిందూపురం, అత్తవారిల్లు పెనుకొండ. నేను ఉద్యోగానికి రైల్లో తిరుగుతుంటే పాపను కొన్నాళ్ళు అమ్మ, కొన్నాళ్ళు అత్త పెంచారు. సాయంత్రం ఇల్లంతా వెతికినా కార్డు దొరక్క అమ్మకు ఫోన్ చేశాను.

"కార్డు ఈడనే ఉండాది. తట్టు సూది మాత్రం మీ అత్త ఏపిచ్చింటాదిలే అనుకుంటి" అంది.

"నువ్వెందుకు వేయించలేదమ్మా?"

"సూదికి జ్వరమొస్తాది గదా. ఒళ్ళు కాలే బిడ్డను పంపిస్తే మీ అత్తోళ్ళేమనుకుంటారు?"

ఆ ఫోన్ పెట్టేశాను. అత్తకు చేశాను.

"నేను ఏపియ్యలేదమ్మా. బిడ్డ జ్వరంతో ఆడికి పోతే మీయమ్మ నన్ననదా? ఆమే ఏపిచ్చింటాదనుకున్నా" అంది.

ఇద్దరూ పాపను ప్రాణంగా చూసుకున్నవాళ్ళే, ఎవరిని తిట్టేది? బడి కాగితంలో మా పాప పేరు ఎదురుగా 'వేయించాము' అని రాసింది నేనే. నేను చెప్పిన ఆ నూటికి నూరులో అదీ ఉంది.

పాప హోంవర్క్ చేసుకుంటోంది. దగ్గరికి పోయి నుదుటి మీద చెయ్యి పెట్టాను. దాని ఒళ్ళు వెచ్చగా ఉందో, భయానికి నా చెయ్యే చల్లబడిందో తెలియలేదు.