సీయోను అంటేనే దిగుతాను

మా పేటకీ నాకూ ఒకటే పేరు, సీయోను. పేట ముందు పుట్టింది, నేను తర్వాత.

దాచేపల్లి దాటాక గురజాల రోడ్డులో, ఊరికి ఎడంగా, రాతినేల మీద ఉంటుంది మా పేట. దున్నడానికి పనికిరాని నేల కాబట్టే మావాళ్లను అక్కడ ఉండనిచ్చారు. ఆ నేలలో తవ్విన నాపరాళ్లతోనే చర్చి కట్టుకున్నారు. రాయి మోసినవాళ్లలో మా నానమ్మ ఒకతి. గోడలు లేచాక పెద్దలంతా కూర్చుని చర్చికీ పేటకీ కలిపి సీయోను అని పేరు పెట్టారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆ పేరు పలకలేదు. వాళ్లకి మాది 'పల్లె'. మా వైపు పల్లె అంటే ఊరు కాదు, ఊరి బయట ఉంచినవాళ్ల ఇళ్లు.

అందుకే నేను పుట్టగానే నానమ్మ పట్టుబట్టి నాకు ఆ పేరు పెట్టించింది. "పేటను ఎట్టాగూ పిలవరు. పిల్లనన్నా పిలవాలిగా. వాళ్ల నోట ఎందుకు రాదో చూస్తా" అన్నదట.

రానివ్వకుండా ఉండటానికి వాళ్ల ఉపాయాలు వాళ్లకున్నాయి. నానమ్మ మిరపకాయలు కోసే చేనుగల కామందు ఇంటికి ఓసారి నన్ను తీసుకెళ్లింది. "ఇదేం పేరే, నోరు తిరగట్లా. సీత అంటాలే. సీతా, ఇట్టా రా" అన్నది ఆ ఇంటి అమ్మగారు, బెల్లంముక్క చూపిస్తూ. వేరే పేరుతో పిలిస్తే పలకొద్దని నానమ్మ ముందే చెప్పింది. నేను పలకలేదు, కానీ కళ్లు బెల్లం మీదే ఉన్నాయి. నోరూరింది, ఏడుపొచ్చింది, కోపమంతా నానమ్మ మీదే వచ్చింది.

"చెవుడా ఏంది దీనికి?"

"చెవుడు కాదమ్మా. దాని పేరు పెట్టి పిలవండి, పలుకుద్ది" అన్నది నానమ్మ. బెల్లం లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పాస్టరుగారు చదివే వాక్యంలో సీయోను అని వస్తే అది మా పేటే అనుకునేవాళ్లం పిల్లలమంతా. సీయోను కొండ అంటే మాకు సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు తవ్విపోసిన రాళ్లగుట్ట. బళ్లో సోషల్ టీచరు మ్యాప్ మీద ఎక్కడో సముద్రం అవతల చూపించి, "పిచ్చిపిల్లా, అసలుది ఇదీ" అని నవ్వారు. "అయితే అది కూడా మా పేరే పెట్టుకుందండీ" అన్నాను. బెంచీ ఎక్కించారు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. నెత్తిన రాళ్లు మోసి కట్టుకున్నది అసలుది కాకపోతే మరేది అసలుది?

నానమ్మ మొండితనం చూడాలంటే బస్సులోనే చూడాలి. మా మలుపు దగ్గర కండక్టరు "పల్లె, పల్లె" అని అరిచేవాడు. నానమ్మ కదిలేది కాదు. "మన పేట పేరు పిలవలేదు కదే, కూచో" అని నా చెయ్యి పట్టుకునేది. తర్వాతి స్టాపులో దిగి, సంత సంచి నెత్తిన పెట్టుకుని, ఎండలో నన్ను వెనక్కి నడిపించేది.

"కాళ్లు కాలతన్నయ్యే నానమ్మా" అని ఏడిస్తే, "అక్కడ దిగితే మనం ఒప్పుకున్నట్టే" అనేది.

ఏ కండక్టరు నోటా ఆ పేరు వినకుండానే పోయింది నానమ్మ. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేనిప్పుడు నరసరావుపేటలో టీచరును. శనివారం సాయంత్రం పేటకు వస్తాను, ఆదివారం ఆరాధన అక్కడే. ఈమధ్య మా రూటుకి ఒక కొత్త కండక్టరు వచ్చాడు. బస్సెక్కి సీయోను అని అడిగితే, మిషన్‌లో ఆ పేరు లేదని పల్లెకి కొట్టి ఆడవాళ్ల ఉచిత టికెట్ చేతికిచ్చాడు. మలుపు రాగానే "పల్లె దిగేవాళ్లు" అన్నాడు. నేను కూర్చునే ఉన్నాను.

"మేడమ్, మీ స్టాపు ఇదే."

"నేనడిగిన పేరు మీరింకా పిలవలేదు."

"ఎక్కేది ఫ్రీగా, పైగా ఈ పంతం ఒకటి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కండక్టరు విసుక్కుని రైట్ చెప్పాడు. తర్వాతి స్టాపులో దిగి చూస్తే, నా వెనకే మోకాళ్లు పట్టుకుంటూ మా పేటలో పెద్దమ్మ వరసయ్యే ఒకామె దిగుతోంది.

"నువ్వు మలుపులోనే దిగాల్సింది పెద్దమ్మా."

"మీ నానమ్మ ఇట్టా నడిచొస్తంటే చూసి నవ్వినోళ్లల్లో నేనూ ఉన్నానే. పద."

ఇద్దరం వెనక్కి నడిచాం.

మరుసటి శనివారం అదే బస్సు, అదే కండక్టరు. మలుపు దగ్గర తలుపు పట్టుకుని నా వంక చూశాడు. "సీయోను" అన్నాడు, తనొక్కడికే వినపడేటంత మెల్లగా. లేవబోయినదాన్ని మళ్లీ కూర్చున్నాను.

"వెనక సీట్ల దాకా వినపడలేదు బాబూ. గట్టిగా పిలువు."

బస్సంతా నన్నే చూసింది. చూడనీ అనుకున్నాను.

"సీయోను! సీయోను దిగేవాళ్లు రావాలి!" అని అరిచాడు.

నానమ్మ దిగాల్సిన చోట దిగాను.