గంగవాయిలి చుట్టం

ఖతార్ వచ్చిన కొత్తలో ముఐథర్ దగ్గర రోడ్డు పక్క మొక్కలకు నీళ్ళు పెట్టే డ్యూటీ నాది. క్యాంపులో నా గదివాళ్ళంతా నేపాలీలు. గదిలో తెలుగు మాట వినాలంటే ఫోనే దిక్కు.

ఒకరోజు డివైడర్ మీద ఎర్రటి కాడలు, దళసరి ఆకులతో అచ్చం మా జగిత్యాల గంగవాయిలి కూర కనిపించింది! వీడియో కాల్‌లో నా భార్యకు చూపించి, పప్పులో వేసుకుందామని సంచి నిండా కోశాను.

"ఏయ్, పారెయ్ అది!" వెనక నుంచి మా ఇంజినీర్ మేడం అరిచింది. ఆమెది కాకినాడ. ఉద్యోగం పోయిందనుకుని సంచి వెనక్కి దాచుకున్నాను.

"గంగవాయిలి అనుకున్న మేడం."

"కాదయ్యా! వీటికి పెట్టేది శుద్ధి చేసిన మురుగునీళ్ళు, తినకూడదు. జన్యువులు చూస్తే ఇది గంగవాయిలికి దూరపు చుట్టం. ఆ కాక్టస్, ఆ కాగితంపూలు, మన తోటకూర, అన్నీ ఒకే వంశం. కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయంతే."

సంచి చెత్తబండిలో దులిపేశాను.

సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది. "కూర ఎట్లున్నదయ్యా?"

"మంచిగున్నది" అన్నాను.

ఇప్పటికీ ఆ మొక్కకు నీళ్ళు పెడుతుంటే, ఈ ఊళ్ళో నాకూ ఒక చుట్టం ఉన్నట్టే ఉంటుంది. వాళ్ళింట్లో మాత్రం భోజనం చేసే యోగం లేదు.