ఈలకొక చింతగింజ

ఇరవై ఏళ్లుగా వంటలక్క అండాలు కుక్కర్ అన్నాన్ని అన్నం కింద లెక్కవేయలేదు. జనగామలో పెండ్లి వంటలంటే ముందు ఆమె పేరే చెబుతారు. మూడు వందల మందికైనా కట్టెల పొయ్యి మీద గంజు గిన్నె పెట్టి, ఎసరు మరిగాక బియ్యం పోస్తుంది. కాసేపటికి గరిటెతో నాలుగు మెతుకులు తీసి, ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. లోపల సన్నటి తెల్లచుక్క కనిపిస్తే ఇంకా పలుకుంది. చుక్క పోయిందా, ఇక గంజి వార్చడమే. కోడలు శ్రీలత కుక్కర్‌కు మాత్రం ఆమె 'ఈలలేసే గిన్నె' అని పేరు పెట్టింది. మూత తీసి చూడనివ్వని గిన్నెతో ఏం వంట అనేది.

అట్లాంటి మనిషి దసరాకు మూడు వారాల ముందు వంటింట్లోకి వచ్చి, "జర గా కుక్కరెట్ల పెడ్తరో చూపియ్యి బిడ్డా" అన్నది.

శ్రీలత చేతిలోని కొత్తిమీర కట్ట కింద పెట్టింది. "ఎవలన్న ఏమన్న అన్నరా అత్తమ్మా?"

అన్నవాడు జైపాల్. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఏటా పాత దోస్తులను, వాళ్ల ఇండ్లోళ్లను పోగుచేసి ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతాడు. ఈసారి దసరా అయిన నాలుగో రోజున, పద్దెనిమిది మందితో, హిమాలయాల్లోని స్పితి లోయకు ప్రయాణం. వంటకు నేను వస్తానని అండాలు ఎండాకాలంలోనే చెప్పి పెట్టింది. ఎన్ని ఊళ్లలో ఎన్ని పెండ్లిళ్లకు పోయినా ఆమె చూసింది పందిరి వెనక పొగే. ఒక్కసారి మంచుకొండ ముందు నిలబడాలని ఆమె కోరిక. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

ఆ పొద్దున జైపాల్ ఫోన్ చేశాడు. "అక్కా, తప్పు వట్టకు. పోయినేడు అటు దిక్కు పోతే పైన అన్నం ఉడకలే. నీళ్లు తెర్లుతనే ఉన్నయి, బియ్యమేమో పలుకు పలుకే. అంత ఎత్తుల నీళ్లు తొందరగ మరుగుతయట గని, కాగాల్సినంత కాగవట. నాలుగొద్దులు రొట్టెలు తిని మావోళ్లు నన్ను తిట్టిన తిట్టు తిట్టలే. ఆడ కుక్కరే గావాలె. నువ్వేమో దాన్ని ముట్టవు. మహబూబాబాద్‌ల వెంకట్రాం అని ఒకాయన ఉన్నడు, ఆయన్ను తోల్కపోదామని చూస్తున్న."

"సద్దుల బతుకమ్మ దాక ఆగు తమ్మీ. వండి పెడ్త, తినిపోయి చెప్పు" అన్నది అండాలు.

మొదటి రోజు అన్నం ముద్దయింది. "అవ్వా, గిది అన్నమా, అంబలా?" అన్నాడు కొడుకు చిరంజీవి. రెండో రోజు అడుగంటింది. వేలి గణుపుతో కొలిచే నీళ్ల లెక్క ఆ గిన్నెలో పనికి రాలేదు. బియ్యాన్నీ నీళ్లనూ ఒకే గ్లాసుతో కొలవడం శ్రీలత నేర్పింది. అయినా అటు పప్పు పోపు పెట్టేసరికి ఇటు ఈలల లెక్క తప్పేది.

"ఎన్నైనయే?"

"నాకేం తెలుసు అత్తమ్మా, మీరే కద లెక్క వెట్టేది."

దానికీ ఉపాయం అండాలే కనిపెట్టింది. చింతపండు పిసికినప్పుడు మిగిలిన గింజలను కడిగి ఆరబెట్టి, పొయ్యి పక్కన గిన్నెలో పోసుకుంది. ఈలకొక గింజ బయటికి తీసి పెట్టేది. పదో రోజుకు అసలు సంగతి పట్టుకుంది. మెతుకు కనిపించకపోయినా ఆవిరి వాసన వస్తుంది. పచ్చి బియ్యపు వాసన ఒకటి, ఉడికిన అన్నపు వాసన ఒకటి. రెంటికీ తేడా ఆమె ముక్కుకు ఎప్పటినుంచో తెలుసు. కంటితో చేసే పనిని ముక్కుకు అప్పజెప్పింది, అంతే.

సద్దుల బతుకమ్మ ముందురోజు జైపాల్ వచ్చాడు. అండాలు మూత తీసి, అలవాటుగా ఒక మెతుకు నలిపి చూసుకుని, అప్పుడు వడ్డించింది. జైపాల్ రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని అడిగాడు, "మంచిగుంది అక్కా. మరి పైన గూడ గిట్లనే ఉడుకుతదా?"

తలుపు దగ్గర నిలబడిన శ్రీలత, అత్త అవునంటే బాగుండుననుకుంది.

"నాకు తెల్వది" అన్నది అండాలు. "నేనాడ వండలే కద. బియ్యం అర్ధగంట ముందుగాల నానవెడ్త. ఇంకో రెండు ఈలలు ఎక్కువ రానిస్త. కుక్కర్ మూత రబ్బర్లు జతకు జత తీస్కుంటున్న. ఇగ అప్పటికీ ఉడకకుంటే పది కిలోల అటుకులు కట్టిన. పోపు వెట్టి పెడ్త. ఎవ్వలిని ఉపాసమైతే ఉంచ."

జైపాల్ తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. "పోయినేడు వంటకు వచ్చినాయన తెల్వదనలే అక్కా. ఏం ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూస్కుంట అన్నడు. వెంకట్రాం గూడ నిన్న ఫోన్ల గదే మాటన్నడు." చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "మందం స్వెటర్ కొనుక్కో. కాళ్లకు ఉన్ని మేజోళ్లు రెండు జతలు."

బయల్దేరే రోజు పొద్దున సామాను వాకిట్లోకి చేరింది. అన్నానికి జైపాల్ పంపిన పెద్ద కుక్కర్లు రెండు, అటుకుల సంచి, కారం డబ్బా, గుడ్డలో మూటగట్టిన చింతగింజలు. వాటన్నింటి మీదా తన కుక్కర్ బోర్లించి ఉండడం శ్రీలత చూసింది.

"అత్తమ్మా, గిది నాది కద."

"పప్పుకు గావాలె. చెయ్యికి అలవాటైంది" అన్నది అండాలు, స్వెటర్ గుండీలతో తంటాలు పడుతూ.

"మరి నేను దేంట్ల వండాలె?"

"గంజు లేదా?"

శ్రీలత లోపలికి పోయి గంజులో ఎసరు పెట్టి, మరిగాక బియ్యం పోసింది. అత్త ఎక్కాల్సిన ఆటో వాకిట్లో హారన్ కొడుతున్నా గరిటెలో నాలుగు మెతుకులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అండాలు ఒక కాలికి ఉన్ని మేజోడు తొడిగి, రెండోది చేతిలోనే పట్టుకుని, ఒక మెతుకు తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"నలిపి చూడు. చుక్క కనవడ్తుందా?"

"కొంచెం."

"అయితే ఇంకో రెండు నిమిషాలు" అని, ఆటో వైపు తిరిగి, "ఆగు నాయినా, వస్తున్న" అన్నది.