పీకిన కేబుల్

ఆసుపత్రిలో అందరికీ ఆయన తీగల బాబాయి. ఏ యంత్రం మొరాయించినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కళ్లు మూసుకుంటాడు. తిట్లు ఆ తర్వాతే. ఆ భవనంలో కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రసులిచ్చేది కింది గదిలోని ఒకే ఒక్క సర్వర్. అడ్రసు ఎవరిస్తే వాళ్లు చూపిన దారినే కంప్యూటర్లు నడుస్తాయని ఆయనే అందరికీ చెబుతుంటాడు. ఆ ఉదయం పై వార్డులో ఒక్కదానికీ అడ్రసు రాలేదు. వార్డు అడుగుతున్నది మధ్యలోని రిలే పెట్టె మోసుకొచ్చి సర్వర్‌కు అప్పగిస్తూనే ఉంది. సర్వర్ మాత్రం ఉలకదు, పలకదు. "చెవులు బాగానే ఉన్నాయిగా, నోటికేమైంది నీకు?" అని గొణిగి, కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, ఒకసారి పీకి పెడదామని సర్వర్ వెనక కేబుల్ లాగాడు.

అంతలో ఫోను మోగింది. పై వార్డు నర్సు.

"వచ్చేశాయి బాబాయ్! అన్నిటికీ అడ్రసులొచ్చేశాయి. మీ చెయ్యి పడితే చాలు!"

"ఎప్పుడొచ్చాయమ్మా?"

"ఇదిగో, ఇప్పుడే. పేషెంట్ల వివరాలన్నీ టకటకా వెళ్లిపోతున్నాయి."

ఎక్కడికని అడగబోయి, చేతి వైపు చూసుకున్నాడు. పీకిన కేబుల్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది.