కంటిన్యుటీ ఫోటో

దయ్యాలు, శకునాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే మా ఇంట్లో అందరూ ముందు నా మొహం చూసేవారు. నేను లేచి వెళ్లి టీవీ సౌండు పెంచేదాన్ని. మెదడు మీద పరిశోధన నా పని. జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, భయం ఎక్కడ దాక్కుంటుంది అని పొద్దస్తమానం తల బద్దలుకొట్టుకునేదానికి కాకమ్మ కథలు చెబితే ఒళ్లు మండదా మరి? ఇప్పటికీ వాటిని నమ్మను. కానీ నా బీరువాలో ఒక ఫోటో ఉంది.

నేను ఈ చదువులోకి రావడానికి కారణం మా తమ్ముడు కిరణ్. వాడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. బోరబండలో మేముండే కిరాయి ఇంట్లో వాడు పడిపోయినప్పుడల్లా చుట్టుపక్కలవాళ్లు తాళంచెవులు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారు. అవన్నీ పక్కన పెట్టి ముందు వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టండని అరిచేది నేనే. పెద్దయ్యాక మందులతో చాలావరకు అదుపులోకి వచ్చింది.

హైటెక్ సిటీ వైపు రోజుకో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. అందులో ఒకదాంట్లో వాడికీ ఉద్యోగం దొరికింది. రాత్రి షిఫ్టు. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుందని ఎంత మొత్తుకున్నా వినలేదు. "నువ్వు ఊకె ఫికర్ చేస్తవ్ అక్కా, నాకేం గాదు" అనేవాడు. వాడికి ఏమవుతుందోనన్న భయంతోనే నిద్రపోయేదాన్ని, దాంతోనే లేచేదాన్ని.

సుందరరావు గారు నా పరిశోధనకు ఒప్పుకున్నవారిలో ఒకరు. సినిమాల్లో మేకప్‌మ్యాన్. పరిశ్రమతో పాటే మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడ్డారు. మెదడువాపు జ్వరం వచ్చి తగ్గాక ఆయనకు కొత్త సంగతి ఏదీ గుర్తుండటం లేదు. కాఫీ తాగి గుటక దిగకముందే "కాఫీ ఇవ్వవేంటే?" అని కేకేసేవారు. "కప్పు మీ చేతిలోనే ఉంది మహానుభావా" అనేవారు ఆయన భార్య కాంతమ్మ గారు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఓపిక ఏ కొండలోంచి తవ్వుకొచ్చారో అనిపించేది. శనివారం మధ్యాహ్నాలు నేను వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆయనకు నేను కొత్తే.

అయితే మనిషి మరిచిపోయినా మనసు మరిచిపోదు. నా పరిశోధన అంతా దీని మీదే. భుజం నొప్పికి వ్యాయామం చేయించే అబ్బాయి ఒకసారి ఆయన చెయ్యి గట్టిగా లాగాడు. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు. కానీ ఆ అబ్బాయి గుమ్మంలోకి వస్తే చాలు, ఎందుకో తెలియకుండానే చెయ్యి వీపు వెనక్కి పెట్టుకునేవారు. జరిగింది పోతుంది, దాని తాలూకు బాధ మిగిలిపోతుంది.

అలాగే చేతుల్లోని పనీ పోలేదు. అది పరీక్షించడానికి నేనే ఆయన ముందు కుర్చీలో కూర్చునేదాన్ని. పాత మేకప్ పెట్టె తెరిచి "సీనేంటమ్మా?" అని అడిగేవారు. పెళ్లికూతురు అంటే పెళ్లికూతురు, ముసలమ్మ అంటే ముసలమ్మ. అయిపోగానే "స్టిల్ తీయించుకోండమ్మా, కంటిన్యుటీకి" అనేవారు. సినిమాలో ఒకే సీనుని ముక్కలు ముక్కలుగా వేరే వేరే రోజుల్లో తీస్తారు కదా, మళ్లీ అదే మొహం దిద్దడానికి ఆ ఫోటో చూసుకుంటారు. కాంతమ్మ గారు నా డిజిటల్ కెమెరాతో తీసి పెట్టేవారు.

ఒక శనివారం ఆయన సీనేంటని అడగలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసి పని మొదలుపెట్టారు. కళ్ల కింద నలుపు. ముక్కు చివర ఎరుపు. కుడికంటి కాటుక తడి దూదితో చెంప మీదికి చెరిపేసి, ఎడమకంటిది అలాగే వదిలేశారు. ఎడమ కనుబొమ్మ మీద ఎర్రరంగుతో చిన్న గాయం, దాని నుంచి కణత దాకా రక్తపు చార. చేస్తున్నంతసేపూ ఆయన కళ్లు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి.

"అయ్యో, అదేంటండీ! పచ్చగా ఉన్న పిల్లకి ఆ ఏడుపు మొహమేంటి? తుడిచేయండి ముందు" అని కాంతమ్మ గారు కోప్పడ్డారు.

"సీను అలాంటిది. నేనేం చేయను?" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, "స్టిల్ జాగ్రత్తమ్మా. మిగతాది ఇంకో రోజు తీస్తారు. అప్పుడు ఇదే మొహం కావాలి" అన్నారు.

మొహం కడుక్కోబోతూ అద్దంలో చూసుకున్నాను. ఇంత చదువుకున్నదాన్ని, సిగ్గు లేకుండా కిరణ్‌కి ఫోన్ చేశాను. సాయంత్రం ఇద్దరం టోలిచౌకిలో బిర్యానీ తిన్నాం. వాడికి కెమెరాలో ఆ ఫోటో చూపించాను. వాడు పగలబడి నవ్వాడు.

"అమ్మో! ఎవరు పోయిండ్రక్కా, గింతగనం ఏడ్చినవ్? గిది నాకు పంపు, మా టీం లీడర్‌కు చూపిచ్చి లీవ్ అడుగుత."

పగటి షిఫ్టు అడుగుతానని మాటిచ్చేదాకా వాణ్ణి వదల్లేదు. "సరే తల్లీ, అడుగుత, అడుగుత, జర తిననియ్యి" అని నా ప్లేటులోని గుడ్డు కూడా వాడే తిన్నాడు.

నెల తిరగలేదు. ఒక పొద్దున వాడు షిఫ్టు నుంచి ఇంటికొచ్చి, స్నానానికని వెళ్లి బాత్రూంలో పడిపోయాడు. అమ్మ ఫోన్ చేసేసరికి నేను జూబ్లీహిల్స్‌లో పనిమీద ఉన్నాను. దొరికిన ఆటో ఎక్కాను. చెక్‌పోస్టు దగ్గర ఆటోవాలా సడన్ బ్రేకు వేస్తే ముందున్న ఇనుప కడ్డీకి నా నుదురు కొట్టుకుంది. అదేమీ పట్టించుకునే స్థితిలో లేను. నేను ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయిందని చెప్పారు.

రక్తం కారింది, కడుక్కోమ్మా అని నర్సు నన్ను వాష్‌బేసిన్ దగ్గరికి తీసుకెళ్లింది. తలెత్తి అద్దంలో చూశాను. ఎడమ కనుబొమ్మ చిట్లి, రక్తం కణత దాకా జారి ఆగిపోయింది. దారిలో కుడికన్ను తుడుచుకున్నట్టున్నాను, ఆ కాటుక చెంపంతా అయింది. ఎడమకంటిది చెక్కు చెదరలేదు. ఇంటికొచ్చాక ఆ ఫోటో తీసి, ఆసుపత్రి అద్దంలో చూసిన మొహంతో పోల్చుకున్నాను. తేడా కనిపించలేదు.

వివరణల కోసం నేను వెతకలేదని కాదు. తమ్ముడి గురించిన భయం నా మొహంలో అప్పటికే ఉండి ఉంటుంది, మొహాలు చదవడమే బతుకైన మనిషి దాన్నే చూసి దిద్ది ఉంటారు. ఇంతవరకు ఒప్పుకుంటాను. మరి కనుబొమ్మ మీది గాయాన్ని నా మొహంలో ఎక్కడ చదివారు?

వాడు పోయాక నేను ఏడవలేదు. దశదిన కర్మ అయ్యేదాకా అమ్మను పట్టుకుని ఉండాల్సి వచ్చింది. ఆ తర్వాతా ఏడుపు రాలేదు. రాయిలా తిరిగాను. కుట్లు విప్పాక ఒక శనివారం మళ్లీ ఫిల్మ్‌నగర్ వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే ఏం చెప్పను? కాళ్లు అటే నడిచాయి.

సుందరరావు గారు నన్ను ఎప్పటిలాగే కొత్తమనిషిని చూసినట్టు చూసి, కుర్చీ చూపించారు. పెట్టె తెరవలేదు. దూది మీద కొబ్బరినూనె పోసుకుని నా మొహం తుడవడం మొదలుపెట్టారు. సినిమావాళ్లు మేకప్ తీసేది అలాగే. కళ్ల కింద, ముక్కు మీద, కనుబొమ్మ మీది మచ్చ చుట్టూ నెమ్మదిగా తుడుస్తున్నారు.

"ఏమండీ, అమ్మాయి మొహానికి మేకప్పే లేదు కదా" అన్నారు కాంతమ్మ గారు. జరిగింది ఆవిడకు ఫోన్‌లో చెప్పాను.

"లేకపోవడమేంటి? ఎన్నాళ్ల నుంచి ఉంచుకుందో పాపం" అన్నారాయన. "షాట్ అయిపోయిందమ్మా. ఇంకా ఎందుకీ మొహం?"

అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని, కిరణూ, కిరణూ అని పిలుస్తూ ఏడ్చాను. ఆయన చెయ్యి నా తల నిమురుతూనే ఉంది. కాంతమ్మ గారు కొంగు అడ్డుపెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

కాసేపటికి ఆ చెయ్యి ఆగింది. తలెత్తి చూశాను. ఆయన నన్ను కొత్తగా చూస్తున్నారు. నూనె దూది చేతిలో ఎందుకుందో కూడా తెలియనట్టు దాన్ని పక్కన పెట్టి, మర్యాదగా సర్దుకుని కూర్చున్నారు.

"సీనేంటమ్మా?" అని అడిగారు.

"నాకు తెలీదండీ" అన్నాను. ఇప్పటికీ నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.