ఆపిల్స్ దాచిన వానాకాలం

మా అమలాపురం వైపు ఆకలేసి ఆపిల్ కొనుక్కునేవాళ్ళు తక్కువ. ఎవరికైనా ఒంట్లో బాగోలేదని తెలిస్తే కొంటారు. జబ్బుపడ్డవాళ్ళని చూడ్డానికి అరటిపళ్ళు పట్టుకెళ్ళాలంటే మొహం చెల్లదు, అవతలివాళ్ళ పెరట్లోనూ గెల వేలాడుతూనే ఉంటుంది. కొబ్బరిబోండాలూ అంతే, జామపళ్ళూ సపోటాలూ అంతే. ఇక్కడ పండనిదేదో పట్టుకెళ్ళాలి. బస్టాండ్ దగ్గర తోపుడుబండి మీద నురుగు తొడుగులు వేసుకుని, నుదుట స్టిక్కర్ పెట్టుకుని కూర్చునే ఆపిల్స్ అందుకే ఉన్నాయని మావాళ్ళ నమ్మకం. బండి దగ్గర ఆగి ఆపిల్స్ అడిగితే చాలు, "ఎవరికండి బాగోలేదు?" అంటాడు ఆ అబ్బాయి తూస్తూ.

మొన్న వానాకాలంలో మా అత్తయ్యగారికి పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆపరేషన్ చేశారు. అంతా సవ్యంగానే జరిగింది. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "మా పని అయిపోయిందండి. ఇంక తిండే మందు. నూనె, కొబ్బరి, వేపుళ్ళు కొన్నాళ్ళు ఆపండి, మిగతావన్నీ పెట్టండి. ఇక్కడున్నప్పుడే ఆవిడ సరిగ్గా తినలేదు. ఇలాగే ఉంటే కుట్లు మానవు, మళ్ళీ తీసుకొచ్చి సెలైన్ ఎక్కించాలి," అన్నారు.

తిండి విషయంలో మా అత్తయ్యగారిని బతిమాలాల్సిన రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. చేపల పులుసు మర్నాటికే రుచి అని ఊరందరికీ చెప్పి, వండిన రోజే సగం గిన్నె ఖాళీ చేసే మనిషి ఆవిడ. అలాంటిది, ఇంటికొచ్చాక జావ గ్లాసు పెదవులకి తాకించి పక్కకి జరిపేశారు. అన్నం మెత్తగా పిసికి పెడితే రెండు మెతుకులు నోట్లో వేసుకుని చెయ్యి కడిగేసుకున్నారు. నేను స్కూల్లో లెక్కల టీచర్ని. కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలూ అంటారు, మా ఆయనా అంటారు. ఆ రెండు రోజులూ ఆ కోపాన్ని ఎలా మింగానో నాకే తెలుసు.

ఆదివారం చర్చిలో అయ్యగారు ఆవిడ పేరు చెప్పి ప్రార్థన చేయించారు. సాయంత్రానికి స్త్రీల కూడిక వాళ్ళంతా గొడుగులు వేసుకుని వచ్చారు. పాట పాడారు, ప్రార్థన చేశారు, వెళ్తూ వెళ్తూ తలో సంచీ మంచం పక్కన పెట్టారు. అన్ని సంచుల్లోనూ ఆపిల్సే. నేను స్టీలు పళ్ళెంలో పేర్చాను. పళ్ళెం చాలక బేసిన్ తెచ్చాను. వాళ్ళు వెళ్ళాక అత్తయ్యగారు ఆ బేసిన్ వంక కాసేపు చూసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఏమైందండి? నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"నొప్పేం లేదమ్మా. డాక్టరు నిన్ను పక్కకి పిలిచినప్పుడే అనుకున్నాను. మీ మావయ్యగారి ఆఖరి నెలలో ఇంటినిండా ఇవే. జొరమొస్తే ఎవరైనా ఓ రెండు పళ్ళు తెచ్చి పోతారు. ఇన్నేసి తెచ్చేరంటే ఊళ్ళో ఏదో అనుకునే ఉంటారు. మీరే నాకు చెప్పట్లేదు," అన్నారు.

అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. ఆవిడ తిననిది అరుగుదల లేక కాదు. తను పోతానని నిశ్చయం చేసుకుని, ఇంక తిని ఏం లాభమని మానేశారు. రిపోర్టులు తెచ్చి చూపించాను, చదివి వినిపించాను. "కాయితాలదేముందమ్మా, డాక్టర్లు మీరెలా రాయమంటే అలా రాస్తారు," అన్నారు. మా ఆయన ఒట్టేసి చెప్పారు. ఆవిడ కొడుకు మొహం వంక జాలిగా చూశారు తప్ప నమ్మలేదు. మా మాటలకన్నా ఆ బేసిన్ మాటే ఆవిడకి గట్టిగా వినిపిస్తోంది.

అయితే బేసినే లేకుండా చేద్దామనుకున్నాను. ఆవిడ మగతలో ఉన్నప్పుడు ఆపిల్స్ అన్నీ లోపలికి చేరవేశాను. ఫ్రిజ్ హాల్లో, ఆవిడ మంచానికి ఎదురుగా ఉంటుంది, అందులో పెట్టడానికి లేదు. కొన్ని బియ్యం డబ్బాలో పెట్టాను. కొన్ని బీరువాలో చర్చికి కట్టుకునే పట్టుచీరల కింద తోశాను. మిగతావి వాషింగ్ మెషిన్‌లో వేసి మూత పెట్టాను. ఆ సాయంత్రం ఏలకుల పొడీ, మెత్తగా ఉడికించిన ఆపిల్ గుజ్జూ కలిపి రాగిజావ ఇచ్చాను. సగం గ్లాసు తాగారు. అదంతా నా జావ గొప్పదనమే అనుకుని మురిసిపోయాను.

నా తెలివి మర్నాడే బయటపడింది. ఇంట్లో పని అందుకుందామన్న మంచి బుద్ధితో మా ఆయన నాకు చెప్పకుండా బట్టలు మెషిన్‌లో కుక్కి స్విచ్చేశారు. ఇల్లంతా దడదడమని మోగింది. "ఏంటమ్మా ఆ చప్పుడు?" అని హాల్లోంచి కేక. "వోల్టేజీ తేడాగా ఉందండి," అన్నాను పరుగెడుతూ. సబ్బు నురగలో ఎర్రగా తేలుతున్న ఆపిల్స్‌ని బకెట్లోకి తోడుతుంటే, మా ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మా వైపు రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు మంచం వంక చూడరు, మంచం పక్కన ఉన్న పళ్ళ వంక చూస్తారు. ఎవరెవరు వచ్చి వెళ్ళారో దాన్నిబట్టి తెలుసుకుంటారు. అయ్యగారి భార్య, మేం అమ్మగారంటాం, ఆదివారం ఊళ్ళో లేరు. తిరిగొచ్చాక మా ఇంటికి వచ్చి కూర్చుని అటూ ఇటూ చూసి నా చెవిలో, "ఇదేంటండి, మనవాళ్ళెవరూ రాలేదా? ఒక్క పండు జాడ లేదు," అని బాధపడిపోయారు. వచ్చారండీ అని నేను సైగలు చేస్తున్నా ఆవిడకి అర్థం కాలేదు. మర్నాడు ముమ్మిడివరం నుంచి కూడా జనం దిగారు. పెద్దామెని ఎవరూ పట్టించుకోవట్లేదని కబురు అంతదూరం పాకింది. నేను దాచినకొద్దీ ఆపిల్స్ పెరిగాయి. గేటు దగ్గరే కాపు కాసి సంచులు అందుకుని, "లోపల పెడతానండి," అంటూ పెరటిదారిన వంటింట్లోకి పరుగులు తీశాను.

ఇంక వండక తప్పలేదు. మొదట మామిడికాయ వేసినట్టే ఆపిల్ వేసి పప్పు చేశాను. మా ఆయన రెండు ముద్దలు తిని, "దోసకాయ ముదిరిపోయిందా?" అని అడిగారు. పచ్చిమిరపకాయలతో రోట్లో పచ్చడి నూరాను. చింతపండు సరిపడా పడేదాకా అది పచ్చడో పానకమో తేలలేదు. స్కూలు నుంచి రాగానే మిరపకాయ బజ్జీలు తినే అలవాటు నాది. ఆ నెలంతా వాటికి బదులు ఆపిల్ సన్నగా చీల్చి, నిమ్మకాయ పిండి, ఉప్పూ కారం జల్లుకుని తిన్నాను. నిజం చెప్పొద్దూ, బజ్జీల మీద మనసు కొంచెం విరిగింది. నిమ్మరసం పడితే ముక్క నల్లబడకుండా ఉంటుంది కూడా. వేయించిన వేరుశనగ పప్పులు కలిపి డబ్బాలో పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి తీసుకెళ్తే, మూత తీయగానే అందరూ ఒక్కసారే, "మీ ఇంట్లో ఎవరికండి బాగోలేదు?" అన్నారు.

అత్తయ్యగారికి పెట్టేవి వేరే. చిలికిన పెరుగులో ఆపిల్ తురుము వేసి, చుక్క నూనెతో ఆవాలూ కరివేపాకూ పోపు పెట్టి, అన్నంలో కలిపి ఇచ్చాను. కొంచెం తిన్నారు. చెంచాడు నెయ్యిలో తురుము వేయించి, బెల్లం వేసి, రంగు మారి దగ్గరపడేదాకా కలిపి హల్వా చేశాను. చిన్న గిన్నెలో పెట్టి ఇస్తే చెంచాతో రుచి చూసి, "ఏం హల్వా ఇది?" అన్నారు.

"గుమ్మడికాయండి."

"ఈ వానల్లో గుమ్మడికాయ ఎక్కడిదమ్మా?"

"పక్కవాళ్ళు ఇచ్చేరండి."

"ఆయ్," అన్నారు. గిన్నె ఖాళీ చేసి ఇచ్చారు. ఆ ఖాళీ గిన్నె కడగబుద్ధి కాక కాసేపు చేత్తో పట్టుకునే తిరిగాను.

అలా కొంచెం కొంచెంగా తింటున్నారు గానీ మంచం మాత్రం దిగట్లేదు. బాత్రూమ్‌కి తప్ప లేవరు. డాక్టరుగారు నడిపించమన్నారు. నేను చెబితే "ఎక్కడికి నడవాలమ్మా?" అనేవారు. ఆ మాట వింటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

ఒక ఆదివారం పొట్టిక్కలు చేద్దామని బుద్ధి పుట్టింది. పనసాకులు బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే అవే పొట్టిక్కలు. నూనె పని లేదు. ఈసారి బియ్యం రవ్వలో బెల్లమూ ఆపిల్ తురుమూ కలిపి తియ్యగా చెయ్యాలనుకున్నాను. పనసాకు వాసన ముందు ఆపిల్ వాసన ఆనదని నా లెక్క. పెరట్లోంచి ఆకులు కోసుకొచ్చి, చీపురుపుల్లలు తుంచుకుని పీట మీద కూర్చున్నాను. నాలుగాకులు కలిపి పుల్లలు గుచ్చితే బుట్ట అవ్వాలి. నేను గుచ్చితే ఆకు చిరుగుతోంది. చిరగనిది కారుతోంది. పిండి చీర మీద పడింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో బుట్టలు కుట్టింది ఆవిడే, నేను పక్కన కూర్చుని కబుర్లు చెప్పానంతే. విసుగొచ్చి ఆకుల్నీ, పుల్లల్నీ, వాటిని కనిపెట్టినవాళ్ళనీ కలిపి తిట్టాను.

వెనక గోడ పట్టుకుని ఎవరో నడుస్తున్న చప్పుడైంది. తిరిగి చూస్తే గుమ్మంలో అత్తయ్యగారు. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి తలుపు మీద.

"ఆకు తొడిమ లోపలికి పెడతావేంటమ్మా, బయటికి రావాలి. లేచి ఆ కుర్చీ ఇలా వెయ్యి," అన్నారు.

కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుని ఆకులు అందుకున్నారు. మొదటి బుట్ట వంకరగా వచ్చింది, దాన్ని పక్కన పడేశారు. తర్వాతది కుదిరింది. ఒక్కొక్కటే కుట్టి నాకందిస్తుంటే నేను పిండి పోశాను. ఉడికాక ఆకు విప్పి, ఆవిరి పోయేదాకా ఊదుకుంటూ తిన్నారు. అయిపోయాక ఆకు మడిచి పెట్టి, "ఇంకోటి పెట్టమ్మా," అన్నారు. ఎన్నాళ్ళకో ఆవిడ నోరు తెరిచి అడిగిన మాట అది. పెట్టి, నీళ్ళు తెస్తానని పెరట్లోకి వెళ్ళి నూతి దగ్గర నిలబడి ఏడ్చాను. ఆనందంతోనే ఏడ్చాను, అయినా గట్టిగానే ఏడ్చాను.

ఆ తర్వాత ఆవిడని మంచం మీద కూర్చోబెట్టడం కష్టమైపోయింది. వంటింట్లోనే కుర్చీ వేయించుకుని నా పోపుల్లో తప్పులు పట్టడం మొదలుపెట్టారు. పరీక్షకి వెళ్తే డాక్టరుగారు కుట్లు మానాయన్నారు, మెల్లగా కొబ్బరి కూడా తినొచ్చన్నారు. చర్చిలో అయ్యగారు ఆవిడ పేరు జబ్బుపడ్డవాళ్ళ ప్రార్థనల్లోంచి తీసి కృతజ్ఞతల్లో చదివారు.

కొన్నాళ్ళకి ఎదురింటి ఆవిడ బాత్రూమ్‌లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కబురు తెలియగానే అత్తయ్యగారు చీర మార్చుకుని, తల దువ్వుకుని, చేత్తో సంచీ పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"ఓ నాలుగు ఆపిల్స్ తియ్యమ్మా, చూసొస్తాను."

"ఆపిల్స్ ఎక్కడివండి మనింట్లో?" అన్నాను.

"బీరువాలో నీ పట్టుచీరల కింద లేవా? పోయిన ఆదివారం చర్చిలో నువ్వు నా పక్కన కూర్చుంటే ఆ వాసనకి పళ్ళబండి పక్కన కూర్చున్నట్టే ఉంది."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బీరువా తెరిచి, చీరలెత్తి, పళ్ళు బయటికి తీశాను. మచ్చపడినవి పక్కనపెట్టి మంచివి ఆవిడ సంచీలో వేశాను. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"ఎప్పట్నించి తెలుసండి మీకు?"

"నువ్వు బేసిన్ ఎత్తుకెళ్ళిన రోజునే తెలుసు. మగతలో ఉన్నాననుకున్నావు, కళ్ళు మూసుకుని ఉన్నానంతే. అటూ ఇటూ పరుగులెట్టేవు. మెషిన్ మూత తీసి అందులో కూడా వేసిన చప్పుడు వినిపించింది."

"మరి ఒక్క మాటైనా అనలేదేంటండి?"

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"మీ మావయ్యగారప్పుడు నేను ఒక్క పండు కూడా దాచలేదమ్మా. డాక్టరు ఆశ లేదని చెప్పేసేక ఇంక దాచి ఏం లాభం అనుకున్నాను. వచ్చినవి వచ్చినట్టు ఆయన మంచం పక్కనే పేర్చేను. ఆయన వాటినే చూస్తా ఉండేవారు. నువ్వు అలా దాస్తంటే, పోయేదాని కోసం ఎవరూ ఇన్ని తిప్పలు పడరు కదా అనిపించింది. అందుకనే ఆ పూట జావ తాగేను," అన్నారు.