నా భుజం దాటిన పాప

పిల్లల వయసును నేను నా భుజంతో కొలిచేవాణ్ని. నా సర్వీసు మొత్తంలో ఇంతకన్నా తెలివితక్కువ పని మరొకటి చేయలేదు. ఇళ్లకు ఆధార్ కార్డులు కొత్తగా వస్తున్న రోజుల్లో నాకు నంద్యాల–ఆళ్లగడ్డ పల్లె బస్సులో కండక్టర్‌గా డ్యూటీ పడింది. పన్నెండేళ్లు నిండని పిల్లలకు అర టిక్కెట్టు, నిండితే పూర్తి టిక్కెట్టు. రూలేమో వయసు అడుగుతుంది, వయసేమో మొహం మీద రాసి ఉండదు. అందుకని నా భుజం దాటిన పిల్లలందరికీ పూర్తి టిక్కెట్టు కొట్టేవాణ్ని. బాధ్యతను అక్షరాలా భుజాన వేసుకున్నానన్నమాట. కాకపోతే నేను పొట్టివాణ్ని. నా బస్సెక్కిన పిల్లలు తొందరగా పెద్దవాళ్లైపోయేవారు.

ఒక ఉదయం శిరివెళ్లలో కిరాణా కొట్టు నడిపే పద్మావతమ్మ, కూతురు శ్రావణితో నంద్యాలలో ఎక్కింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం రాకముందు సంగతి ఇది. పాప నా భుజాన్నే కాదు, చెవిని కూడా దాటింది. పూర్తి టిక్కెట్టు తీసుకోవాలన్నాను.

"దానికి పదకొండేండ్లేప్పా. కార్డు ఇంట్లో ఉండాది."

"చూస్తే అట్ల లేదు కదమ్మా."

"నీ పక్కన నిలబెడితే మా కొట్లో బియ్యం మూట గూడా పొడుగ్గానే కనపడ్తాది. నువ్వు పొట్టిగా పుడితే మా పాపకు వయసు పెంచుతాండావా?"

బస్సంతా గొల్లుమంది. ఆ నవ్వుల నుంచి బయటపడితే చాలని, రుజువు అడగకుండానే అర టిక్కెట్టు కొట్టేశాను.

శిరివెళ్లకు ముందు అడ్డరోడ్డులో చెకింగ్ వాళ్లు బస్సు ఆపారు. ఇన్‌స్పెక్టర్ ఎక్కగానే కండక్టర్ చేతిలోని టిక్కెట్ల మిషన్ తీసుకుంటారు, తర్వాతే ప్రయాణికుల వైపు వెళ్తారు. మధ్యలో మనం ఏదీ సర్దడానికి వీల్లేకుండా ఆ పద్ధతి. ఆయన శ్రావణిని ఎగాదిగా చూసి వయసుకు రుజువు అడిగారు. లేదు. అర్హత లేనివాళ్లకు అర టిక్కెట్టు ఇస్తే తప్పు కండక్టర్‌దే. సంజాయిషీ కోరే ఛార్జి మెమో బయటికి తీశారు. సరిగ్గా అప్పుడే, బస్టాండులో కూర్చుని బస్సుల రాకపోకలు చూసే కంట్రోలర్ పదోన్నతికి నా పేరు పరిశీలనలో ఉంది. మెమో పడితే ఆ పేరు కొట్టేస్తారు. నాకున్న కాస్త ఎత్తు కూడా తగ్గినట్టనిపించింది.

తేడా కట్టి దిగిపోతే మీకేం ఇబ్బంది లేదని ఆయన పద్మావతమ్మకు చెప్పారు.

"నాకు లేదు సార్, ఈయప్పకో? నా మాట నమ్మి ఇచ్చినాడు. మా ఊరు వచ్చేదాంకా ఆ కాగితం మీద పెన్ను పెట్టొద్దు," అని ఆమె అక్కడికక్కడే భర్తకు ఫోన్ చేసింది. "పాప కార్డు తీసుకోని స్టాండు కాడికి బేగా రా. పొట్లాలు మళ్ల కడుదువులే!"

ఇన్‌స్పెక్టర్ మాతోపాటే శిరివెళ్ల దాకా వచ్చారు. పద్మావతమ్మ భర్త చేతులకు అంటిన కారప్పొడితోనే పరుగెత్తుకొచ్చి కార్డు అందించాడు. ఇన్‌స్పెక్టర్ పుట్టిన తేదీని బస్సంతా వినేలా చదివి, రెండుసార్లు తుమ్మి, మెమో మడిచి జేబులో పెట్టుకున్నారు. పాపకు పన్నెండు నిండడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. నేను పద్మావతమ్మకు చేతులు జోడించాను.

"దండాలెందుకులేప్పా, ఇంగనన్నా మనుషులను కొలవడం మాను," అని దిగిపోయింది.

ఆలస్యంగానైనా నాకు పదోన్నతి వచ్చింది. అది ఆమె పెట్టిన భిక్షే. వయసుకు రుజువు కార్డే గాని కంటిచూపు కాదనీ, ఆ కార్డును మర్యాదగా అడగడం ఇద్దరికీ రక్షణేననీ నేను నేర్చుకున్నది ఆ రోజే.

అయితే అప్పటినుంచి బస్సెక్కినప్పుడల్లా పద్మావతమ్మ నన్ను ఆటపట్టించకుండా వదల్లేదు. నేనూ ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టర్ చదివిన తేదీ నాకు నోటికొచ్చేసింది. పదోన్నతి రాకముందే, నేనింకా బస్సులో ఉండగానే, పాపకు పన్నెండు నిండే ఆ తేదీ రానే వచ్చింది. తల్లీకూతుళ్లు ఆ ఉదయమే ఎక్కారు. ఆమె అలవాటుగా "ఒకటిన్నర" అంది. నేను రెండు పూర్తి టిక్కెట్లు కొట్టి, శ్రావణికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాను.

"ఏందప్పా ఇది, ఒక్క దినం ఓర్చుకోలేకపోతివా?" అంది పద్మావతమ్మ.

"నిన్నటిదాంకా ఓర్చుకుంటి కదమ్మా," అన్నాను.